దేవ్ మార్చిన లైను

విద్యావతి అందరి ముందూ మాట ఇచ్చేసింది. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించినా, తన భర్త ద్వారకానాథ్ రాసిన కంపైలర్ ఒక్క మార్పు లేకుండా దాని మీద నడుస్తుందనీ, రెండేళ్ల కిందట సిస్టమ్ మారినప్పుడు అలాగే నడిచిందనీ మీటింగ్‌లో చెప్పింది. మర్నాడు దాన్ని కొత్త సిస్టమ్ మీద కట్టడం మొదలుపెడితే అది ఎర్రర్ల మీద ఎర్రర్లు చూపించి ఆగిపోయింది. శుక్రవారానికి నిలబడకపోతే కంపెనీ బయటి కంపైలర్ తెచ్చుకుంటుంది. పోయిన ఏడాది ఆయన పోయాక ఆ కంపైలర్‌ను తనే చూసుకుంటోంది. ఆయన పనిలో బతికున్నది అదొక్కటే. కారణం వెతుకుతూ బుధవారం సాయంత్రం ఆమె పాత బ్యాకప్ టేపు మెషిన్లో పెట్టి చూసింది. పాత సిస్టమ్‌తో పాటు వచ్చిన ఒక ఫైలును ఎవరో చేత్తో మార్చారు. ఆ ఫైలు యజమాని పేరు ఉండే చోట దేవ్ అని ఉంది.

*

గురువారం పొద్దున బ్లాక్‌టౌన్ స్టేషన్లో దేవ్ ఎప్పుడూ నిలబడే చోటే నిలబడి ఉన్నాడు. మెల్‌బోర్న్ ఆఫీసులో మెషిన్లు పెట్టే పని ముగించుకుని ముందురోజే వచ్చాడు. జూలై నెల, సిడ్నీలో చలికాలం. మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వస్తోంది. చేతిలో టిఫిన్ డబ్బా ఉంది.

"వదినా, అమ్మ నీకు కూడా పెట్టింది. చేమాకు, కొబ్బరిపాలు పోసి. వద్దన్నావంటే సాయంత్రం నన్ను ఇంట్లోకి రానివ్వదు."

విద్యావతి రైలు వచ్చే వైపు చూసింది.

దేవ్‌ది ఫిజీ. తాత తండ్రి విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటల పనికి ఓడెక్కి వెళ్లినవాడు. దేవ్‌కి తెలుగు నేర్పింది నానమ్మ. ఆవిడ పెద్దా చిన్నా అందర్నీ నువ్వనే పిలిచేదట. అందుకని దేవ్ తెలుగులో మీరు అన్న మాటే లేదు. ఎనభై ఏడులో అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని పడగొట్టాక అతను తల్లి కాంతను తీసుకుని సిడ్నీ వచ్చాడు. ద్వారకానాథే అతన్ని తన కంపెనీలో పెట్టించాడు, పని నేర్పాడు. దేవ్ ఆయన్ని అన్న అన్నాడు. ఆ వరసన విద్యావతి వదిన అయింది.

రైలు వచ్చింది. ఇద్దరూ పై అంతస్తుకి ఎక్కి కూర్చున్నారు. తలుపులు మూసుకున్నాక విద్యావతి అడిగింది.

"పాత సిస్టమ్‌లో హెడర్ ఫైలు మార్చింది నువ్వేనా?"

దేవ్ డబ్బా ఒళ్లో పెట్టుకున్నాడు. మూత సరిగ్గానే ఉంది. మళ్లీ నొక్కాడు.

"ఎవరు చెప్పారు?"

"నువ్వే. దాని మీద నీ పేరుంది."

"రూట్‌గా లాగిన్ అయి కదా పెట్టాను. మెషిన్ మొత్తానికి యజమాని పేరు రూట్, అదే ఉండాలి."

"నీ డైరెక్టరీలో పెట్టుకుని దిద్దావు. తర్వాత రూట్‌గా అక్కడికి జరిపావు. జరిపితే యజమాని పేరు కూడా వెంట వస్తుంది. కాపీ చేసుంటే వచ్చేది కాదు."

దేవ్ నుదురు కొట్టుకున్నాడు. "అరే రామ్."

"మెషిన్లు చూసుకునేవాడివి. ఈ ముక్క నాకు నేర్పింది నువ్వు."

"దొంగపని చేతకాదు వదినా నాకు. ఇంట్లో ఎవరూ నేర్పలేదు."

ఇంకో రోజైతే ఆమె నవ్వేది. ఇవాళ కిటికీలోంచి బయటికి చూసింది. సెవెన్ హిల్స్‌లో ఆఫీసు జనం ఎక్కారు.

హెడర్ ఫైలు అంటే పెద్ద విషయం కాదు. ఆపరేటింగ్ సిస్టమ్ తన దగ్గర ఏ సేవలున్నాయో, దేన్ని ఎలా అడగాలో, అడిగితే ఏం తిరిగి ఇస్తుందో అందులో రాసి పెడుతుంది. మెషిన్ మీద నడిచే ప్రతి ప్రోగ్రామూ కట్టేటప్పుడు దాన్ని చదువుకోవాలి. మనుషులు రాసిన కోడ్‌ను మెషిన్‌కి అర్థమయ్యే ప్రోగ్రాముగా కట్టేది కంపైలర్. కంపైలర్ కూడా ఒక ప్రోగ్రామే కాబట్టి దాన్ని కట్టేటప్పుడూ ఆ ఫైళ్లే చదవాలి. మెమరీ కావాలని అడిగే సేవకి మాలక్ అని పేరు. అది ఏ రకం జవాబు ఇస్తుందో ద్వారకానాథ్ తన కోడ్‌లో తనే రాసుకున్నాడు. ఆయన రాసిననాడు అది నిజమే. తర్వాత సిస్టమ్ వాళ్లు ఆ రకాన్ని మార్చారు. ఒకే మనిషికి బడి సర్టిఫికెట్లో ఒక ఇంటిపేరు, రేషన్ కార్డులో ఇంకో ఇంటిపేరు ఉంటే గుమస్తా కాగితం వెనక్కి తోస్తాడు. మెషిన్ కూడా అదే చేసింది.

ఆ మార్పు ఈసారి వచ్చిందనే విద్యావతి అనుకుంది. బుధవారం పాత సిస్టమ్ అసలు టేపుతో బ్యాకప్ టేపును పోల్చాక సంగతి తెలిసింది. మార్పు రెండేళ్ల కిందటే వచ్చింది. అప్పుడే కంపైలర్ ఆగిపోవాలి. దేవ్ సిస్టమ్ హెడర్లో ఆ లైనును పాత పద్ధతికి తిప్పేశాడు కాబట్టి ఆగలేదు. ఇప్పుడు కొత్త సిస్టమ్ పాత ఫైళ్లన్నిటి మీదా పరుచుకుంది. దేవ్ దిద్దిన లైను దాని కింద పోయింది.

"ఆయనకి చెప్పకుండా చేశావు" అంది విద్యావతి.

"ఆ వారం అన్నకి ఎలా ఉందో నీకు తెలుసు."

"తెలుసు. అందుకే అడుగుతున్నాను."

రైలు వెస్ట్‌మీడ్‌లో ఆగింది. అక్కడి ఆస్పత్రిలోనే ద్వారకానాథ్ ఉండేవాడు. రోజూ ఈ స్టేషన్ దాటేటప్పుడు ఇద్దరూ మాట్లాడరు. అది ఎవరూ పెట్టిన నియమం కాదు. ఇవాళ కూడా తలుపులు తెరుచుకుని మూసుకునేదాకా ఊరుకున్నారు.

తర్వాత ఆమె గొంతు తగ్గింది.

"నేను కింద కాఫీ తీసుకుని పైకొచ్చాను. నువ్వు మంచం పక్కన ఉన్నావు. ఆయన నవ్వుతున్నాడు. విద్యా, కొత్త సిస్టమ్ ఎక్కించారట, నా కంపైలర్ ఒక్క ఎర్రర్ లేకుండా లేచిందట అన్నాడు. ఆ తర్వాత ఆయన అలా నవ్వింది నాకు గుర్తు లేదు. ఆ నవ్వు పట్టుకునే నేను మీటింగ్‌లో మాట ఇచ్చాను. అది నిజం కాదని ఇప్పుడు తెలిసింది."

దేవ్ ఏదో అనబోయాడు. పారమాటా వచ్చింది. దిగేవాళ్లు వెనకనుంచి నెట్టారు.

*

ఆఫీసు స్టేషన్‌కి దగ్గరే, రెండంతస్తుల ఇటుకల కట్టడం. గోధుమ గిడ్డంగుల్లో తేమ కొలిచే పెట్టెలు తయారుచేస్తారు. పెట్టె లోపల చిన్న చిప్ ఉంటుంది. దాని ప్రోగ్రామును కట్టడానికే ద్వారకానాథ్ కంపైలర్ రాశాడు. కోట్ల టన్నుల గోధుమ ఆ పెట్టె చూపించిన అంకె ప్రకారం లోపలికి వెళ్తుంది, లేదా లారీలో వెనక్కి వెళ్తుంది. అందుకని కంపెనీలో ఒక నియమం ఉంది. సిస్టమ్‌తో వచ్చిన ఫైలును ఎవరూ తాకకూడదు. పోయిన ఏడాది స్టీవ్ అనే అతను మెషిన్ గడియారం సరిచేయడానికి ఒక ఫైలు మార్చాడు. ఆ నెలలో మారిన ఫైళ్లు తనిఖీ చేస్తే బయటపడింది. ఆ సాయంత్రమే అతను తన వస్తువులు అట్టపెట్టెలో సర్దుకుని వెళ్లిపోయాడు.

స్టీవ్ ఇక్కడ పుట్టినవాడు. ఇంకో ఉద్యోగం చూసుకున్నాడు. దేవ్ సంగతి వేరు. అతనికీ తల్లికీ ఈ దేశంలో శాశ్వతంగా ఉండటానికి పెట్టిన దరఖాస్తు ఈ ఉద్యోగం మీదే నిలబడి ఉంది. ఉద్యోగం పోతే దరఖాస్తు పోతుంది. విద్యావతికి అది తెలుసు. బుధవారం సాయంత్రం టేపు తీసి బీరువాలో పెట్టినప్పుడు ఆమె మొదట ఆలోచించింది దాని గురించే.

మెషిన్ గదిలో ఫ్యాన్ల చప్పుడు. విద్యావతి స్వెట్టర్ గుండీలు పెట్టుకుని టెర్మినల్ ముందు కూర్చుంది. దేవ్ ఇంకో కుర్చీ లాక్కున్నాడు.

"ఇప్పుడేం చేద్దాం వదినా? మళ్లీ ఆ లైను తిప్పేస్తే ఐదు నిమిషాల పని."

"తాకితే చెయ్యి విరగ్గొడతాను."

"ఊరికే అడిగా."

"హెడర్ వాళ్లది. మాలక్ ఏం ఇస్తుందో చెప్పాల్సింది వాళ్లు. మనం మన కోడ్‌లో చెప్పడం మానేద్దాం. వాళ్ల ఫైలు చదివి, వాళ్లేమంటే అదే తీసుకుందాం. రేపు వాళ్లు మళ్లీ మార్చినా మన కోడ్ ఆగదు."

"అన్న ఎందుకు అలా రాశాడు మరి?"

విద్యావతి ఫైలు తెరిచింది. పైన వరసగా ద్వారకానాథ్ రాసిన లైన్లు ఉన్నాయి. మాలక్ ఒక్కటే కాదు. వాడుకున్న ప్రతి సేవ గురించీ ఆయన తన మాటగా మళ్లీ చెప్పుకున్నాడు.

"రాత్రి నేను తలుపు తాళం వేస్తే మళ్లీ వెళ్లి లాగి చూసేవాడు" అంది. "వేశానండీ అంటే, వేశావని తెలుసు అనేవాడు. అయినా లాగేవాడు."

దేవ్ నవ్వాడు. ఆమె నవ్వలేదు గానీ ఆ లైన్లను తొందరగా కొట్టెయ్యలేకపోయింది. ఒక్కొక్కదాని మీద కర్సర్ పెట్టి, చదివి, తీసేసింది.

మళ్లీ కట్టారు. ఇంకొంత దూరం వెళ్లి ఆగింది. ఈసారి అక్షరాల వరుసల్ని వెతికే సేవలు కొన్ని ఇల్లు మారాయి. ఇదివరకు ఒక హెడర్లో ఉండేవి, ఇప్పుడు ఇంకో హెడర్లో ఉన్నాయి. విద్యావతి కొత్త చిరునామా రాసింది. కట్టారు. ఆగింది.

ఆ తర్వాతి ఎర్రర్ దగ్గర ఆమె కుర్చీ ముందుకి జరుపుకుంది.

"ఇది మన తప్పు కాదు దేవ్. చూడు. వాళ్ల హెడర్లోనే ఒక లైను చివర రాయకూడని మాట మిగిలిపోయింది. వాళ్ల కంపైలర్ చూసీ చూడనట్టు పోతుంది. మనది పోదు."

"మనది అన్న కంపైలర్. ఎందుకు పోతుంది!"

"హెడర్ దిద్దకూడదు. దిద్దకపోతే ముందుకి వెళ్లదు."

దారి కూడా విద్యావతే చెప్పింది.

"ఆ ఫైలు ఒక కాపీ తీసుకుందాం. మన డైరెక్టరీలో పెట్టుకుని కాపీని దిద్దుదాం. కంపైలర్ ముందు మన డైరెక్టరీ చూస్తుంది. అక్కడ లేకపోతేనే సిస్టమ్‌ది చూస్తుంది. వాళ్ల ఫైలు వాళ్ల దగ్గర వచ్చినట్టే ఉంటుంది. కాపీ పైన ఏం దిద్దామో, ఎందుకు దిద్దామో రాసి పెడదాం. తర్వాత వచ్చేవాళ్లు వెతుక్కోకూడదు."

దేవ్ ఆమె వైపు చూశాడు.

"ఇది నాకు ఆ రోజు తోచలేదు" అన్నాడు.

"ఆ రోజు నీకు తోచే పరిస్థితి కాదులే."

పొద్దుటినుంచి ఆమె అతనితో మెత్తగా అన్న మొదటి మాట అది. దేవ్ లేచి వెళ్లి టిఫిన్ డబ్బా తెచ్చి టేబుల్ మీద పెట్టాడు.

*

మధ్యాహ్నానికి ఎర్రర్లు ఆగాయి. అంతటితో పని అయిపోలేదు. ద్వారకానాథ్ పెట్టిన పరీక్ష ఒకటుంది. ముందు సిస్టమ్‌తో వచ్చిన కంపైలర్‌తో తన కంపైలర్‌ని కట్టాలి. అలా లేచినదానితో దాన్నే మళ్లీ కట్టాలి. రెండోసారి లేచినదానితో మూడోసారి కట్టాలి. రెండోదీ మూడోదీ ఒక్క బైటు తేడా లేకుండా ఉండాలి. తేడా ఉంటే లోపల ఎక్కడో అబద్ధం ఉన్నట్టు. అలాంటిదాన్ని గోధుమ పెట్టె దగ్గరికి రానివ్వకూడదు.

మొదటిది లేచింది. రెండోది మొదలుపెట్టి ఇద్దరూ పక్క గదిలో కూర్చున్నారు. కాంత పంపిన రొట్టె విద్యావతి తుంచింది. చేమాకు కూర చల్లారింది. అయినా బావుంది.

"పులుపు ఎందులోంచి వచ్చింది?"

"నిమ్మకాయ. అమ్మ అందులో చింతపండు వెయ్యదు. వేస్తే ఫిజీ కూర కాదంటుంది."

ఆమె ఇంకో ముక్క తుంచింది. దేవ్ తినలేదు. చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని నేల చూస్తున్నాడు.

"వదినా. ఒకటి చెప్పాలి. రైల్లో చెప్పబోయాను."

"చెప్పు."

"అన్నకి తెలుసు."

విద్యావతి చేతిలో రొట్టె అలాగే ఉంది.

"నువ్వు కాఫీకి కిందికి వెళ్లావు చూడు, అప్పుడు. నేను ఒక్క ఎర్రర్ కూడా లేదని చెప్పాను. అన్న కళ్లు మూసుకునే, ఏ లైను మార్చావురా అన్నాడు. ఏం లేదన్నాను. మాలక్ దగ్గర ఆగి తీరాలి, రాసినవాణ్ని నేను, నాకు తెలీదా అన్నాడు. ఇంక దాచలేక చెప్పేశాను."

"ఏమన్నాడు?"

"గాడిదా అన్నాడు. నా ఫైలు మార్చక వాళ్ల ఫైలు ఎందుకు మార్చావురా అన్నాడు. నీ కోడ్ ముట్టుకోవాలంటే భయమేసింది అన్నా, అన్నాను. దానికి నవ్వాడు. అప్పుడే నువ్వు వచ్చావు. నువ్వు చూసింది ఆ నవ్వే."

విద్యావతి రొట్టె డబ్బా మూతలో పెట్టింది. చేతులు తుడుచుకుంది. తుడుచుకున్న చేతులే మళ్లీ తుడుచుకుంది.

"మరి నాతో ఒక్క ఎర్రర్ లేకుండా లేచిందని ఎందుకు చెప్పాడు?"

"ఒక్క ఎర్రర్ లేకుండానే కదా వదినా లేచింది."

ఈసారి ఆమెకు నవ్వు వచ్చింది. వెంట కన్నీళ్లు కూడా వచ్చాయి. దేవ్ కిటికీ వైపు తిరిగి కూర్చుని, ఎదుటి కారు షాపు బోర్డు మీద అక్షరాలు చదువుతున్నట్టు ఉండిపోయాడు. ఆమె ముక్కు తుడుచుకున్నాక ఇటు తిరిగాడు.

"ఇంకా ఏమన్నాడు?"

"నువ్వు రెండోసారి నర్సు కోసం వెళ్లినప్పుడు అన్నాడు. విద్య ఏదో ఒకరోజు ఈ కంపైలర్ చూసుకుంటానంటుంది, అప్పటిదాకా ఎలాగో నడిపించు, అన్నాడు. తను తీసుకున్నాక మాత్రం నువ్వు చెయ్యి పెట్టకు, ఆగిపోనీ, అన్నాడు. ఎందుకన్నా అంటే..."

"అంటే?"

"తనకి నేర్పాలి, నాకు టైము లేదు, అది ఆగిన చోటల్లా నేను ఎలా ఆలోచించానో తనకి కనపడుతుంది అన్నాడు."

పక్క గదిలో మెషిన్ ఫ్యాన్లు తిరుగుతున్నాయి. విద్యావతి పొద్దున తీసేసిన లైన్లు గుర్తు చేసుకుంది. తలుపు తాళం మాట ఆమె అనుకుని అన్నది కాదు. కోడ్ చూడగానే నోట్లోకి వచ్చింది.

"అంటే ఈసారి హెడర్ దిద్దకుండా కావాలనే వదిలేశావు."

"ఆ."

"నాకు ముందు చెప్పి చావొచ్చుగా."

"చెప్తే ఆగేది కాదు కదా. నువ్వు నెమ్మదిగా కూర్చుని చూసుకుంటావు అనుకున్నా. నేను మెల్‌బోర్న్ వెళ్లగానే మీటింగ్‌లో మన పెద్ద కరోలిన్ ముందు శపథం చేస్తావని నాకు కలొచ్చిందా?"

"శపథం కాదు. మాట ఇచ్చాను."

"ఏదో ఒకటి. నువ్వు అమ్మతో అన్నావట, ఫోన్లో అమ్మ చెప్పింది. నాకు అన్నం దిగలేదు. రోజూ ఫోన్ దగ్గరకి వెళ్లడం, నంబరు సగం తిప్పడం, పెట్టెయ్యడం. అన్న మాట ఒకవైపు, నువ్వు ఒకవైపు."

విద్యావతి డబ్బా అతని ముందుకు తోసింది. "తిను. మీ అమ్మ నన్నూ ఇంట్లోకి రానివ్వదు."

*

మూడోది లేచేసరికి ఎండ కిటికీ దాటింది. రెండోదాన్నీ మూడోదాన్నీ పోల్చే కమాండ్ విద్యావతి స్వయంగా కొట్టింది. తేడా ఉంటే అది ఎక్కడుందో ఆ కమాండ్ చూపిస్తుంది. లేకపోతే ఏమీ అనదు.

ఏమీ అనలేదు. తెర మీద కర్సర్ కింది లైనులోకి దిగి నిలబడింది.

దేవ్ రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. విద్యావతి మళ్లీ అదే కమాండ్ కొట్టింది. మళ్లీ ఏమీ అనలేదు. అప్పుడు నమ్మింది.

"నువ్వూ లాగి చూశావు తాళం" అన్నాడు దేవ్.

ఆమె జవాబు చెప్పేలోపు తలుపు తట్టి కరోలిన్ లోపలికి వచ్చింది. సాంకేతిక విభాగం మొత్తానికీ ఆవిడే పెద్ద. ద్వారకానాథ్‌ను ఉద్యోగంలోకి తీసుకున్నది ఆవిడే. ఆయన పోయిన రోజు కారు పంపి, తర్వాత తనే వచ్చి, వంటగదిలో గిన్నెలు కడిగి వెళ్లిన మనిషి. చేతిలో సిస్టమ్ వాళ్లు పంపిన కాగితాల కట్ట ఉంది.

"లేచిందా?" అని ఇంగ్లిషులో అడిగింది.

"లేచింది. రెండూ మూడూ ఒక్కటే."

కరోలిన్ తెర మీదికి వంగి చూసింది. విద్యావతి భుజం నొక్కింది. చెయ్యి తీయకుండా అంది.

"చాలా సంతోషం విద్యా. అయితే ఒక విషయం నాకు అర్థం కాలేదు. రేపటికి సిద్ధం కావాలని ఇవి చదివాను. మాలక్ మార్పు ఈ రిలీజ్‌లో వచ్చింది కాదు. పాత రిలీజ్‌లోనే వచ్చింది. ఇదుగో, వాళ్లే రాశారు. అప్పుడు మన కంపైలర్ ఎందుకు ఆగలేదు?"

ఆవిడ ఆ పేజీ ఇద్దరికీ కనపడేలా పట్టుకుంది.

"రేపు మీటింగ్ గదిలో నాకంటే ముందు ఇంకొకరు ఈ ప్రశ్న అడుగుతారు" అంది కరోలిన్. "అప్పుడు ఎలా నడిచిందో మనకే తెలియదంటే, ఇవాళ నడిచిందన్న మాట ఎవరూ నమ్మరు. బయటిది కొనడమే మంచిదంటారు. వాళ్లతో నేను వాదించలేను. కాబట్టి నాకు కారణం కావాలి. మన మెషిన్లో ఎవరైనా హెడర్ మార్చారా?"

దేవ్ కుర్చీలోంచి లేచాడు. లేచేటప్పుడు అతని మొహంలో భయం కనపడలేదు. రైల్లో నుదురు కొట్టుకున్నప్పటి మొహమే. చెప్పేస్తాడని విద్యావతికి తెలిసిపోయింది. చెప్తే కంపైలర్ నిలుస్తుంది. అతనూ కాంతా నిలవరు. బ్లాక్‌టౌన్‌లో ఆ ఇంటి వెనక కాంత వేసిన చేమ మడి ఇంకా మోకాలెత్తు కూడా రాలేదు.

"నేనే మార్చాను" అంది విద్యావతి.

దేవ్ ఆమె వైపు తిరిగాడు. "వదినా!"

"నువ్వు ఊరుకో." తెలుగులో అని, మళ్లీ ఇంగ్లిషులోకి వచ్చింది. "ఆయన ఆస్పత్రిలో ఉన్నాడు కరోలిన్. బాధపడతాడని ఒక లైను మార్చాను. తప్పే. రేపు నేనే చెప్తాను. ఇవాళ చేసిన పద్ధతిలో అలాంటిది మళ్లీ అవసరం రాదని కూడా చూపిస్తాను."

కరోలిన్ ఆమె భుజం మీద చెయ్యి తీయలేదు. కొంచెం సేపు ఆమెనే చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"సిస్టమ్ ఫైలు మార్చాలంటే రూట్ పాస్‌వర్డ్ కావాలి" అంది. "నీకు అది ఇచ్చింది నేను. నువ్వు ఈ పని తీసుకున్నప్పుడు, పోయిన ఏడాది. దానికి ముందు ఈ గదిలోకి రావడానికే నీకు అనుమతి లేదు."

ఆవిడ కాగితాల కట్ట టేబుల్ మీద బోర్లా పెట్టింది. వెళ్లి గది తలుపు లోపలినుంచి మూసింది. దేవ్ వదిలేసిన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నువ్వన్నది నేను వినలేదు విద్యా. మళ్లీ అడుగుతాను. ఈసారి నిన్ను కాదు."

అని దేవ్ వైపు తిరిగింది.